చనిపోయిన రాజుకు వన్స్‌మోర్ లేదు

మా నాటకాల అయ్యవారు మంగళవారం పొద్దున ప్రొద్దుటూరులో కన్నుమూశారు. నలభై ఏళ్లు ఆయన ఆడించిన గండికోట నాటకంలో, రాజు చచ్చి కోట పడే చివరి రంగాన్ని గురువారానికే మా సమాజం కార్యదర్శి కొట్టేశాడు. ఇకనుంచి, ఇదే కథ మీద వచ్చిన సినిమాలో మాదిరి, మంత్రి పెట్టిన విషం తాగిన రాజు లేచి ఆ మంత్రిని నరుకుతాడట. "ఏడ్చేదానికి ఎవురొస్తారప్పా ఇప్పుడు?" అని నాతోనే అన్నాడు.

జనం సంగతి అయ్యవారికి తెలియక కాదు. రాజు ఆఖరి పద్యం పాడి ఒరిగిపోగానే వన్స్‌మోర్ అని ఈలలు పడతాయి. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ పాడి మళ్లీ చస్తాడు. ఏ ఊళ్లోనైనా అది మామూలే. పులివెందులలో మొదటిసారి రాజు వేషం కట్టినప్పుడు నేనూ లేచాను. శ్రుతి అందలేదు. చూస్తే అయ్యవారు హార్మోనియం మూసేసి కూర్చున్నారు.

"ఏమప్పా, విషం చాల్లేదా?" అన్నారు వేషం విప్పుతుంటే.

"జనం అడిగినారు అయివారూ."

"కోటను గెలిపీమని గూడా అడుగుతారు. గెలిపిస్తావా?"

నాకు ఒళ్లు మండింది. కరపత్రాలు చదివి, ప్రజల మాటే ఆఖరి మాట అని నమ్మినవాణ్ణి. వారం రోజులు ఆయన ముఖం చూడలేదు. ఆయనే వచ్చి, గండికోట చూపిస్తానని నన్ను వెంటబెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కారు. గండికోటలో ధాన్యపు కొట్టు చుట్టూ అడుగులతో కొలుస్తూ నడిచారు.

"ఇంత గింజ పెట్టుకున్నోళ్లు యాట్ల ఓడిపోయినారప్పా? మంత్రి విషం పెట్టినాడంటాండాము, చూసినోడెవుడు? ఓడినోళ్లు తమ తప్పు ఒకని నెత్తిన ఏసినారేమో."

ఆ మంత్రిని అన్నేళ్లు ద్రోహిగా ఆడించిన మనిషే ఆ మాట అన్నారు. అప్పట్నుంచి నాకు పద్యం కంటే ప్రశ్నే ఎక్కువ నచ్చింది.

ఆ సినిమా వచ్చినప్పుడు అయ్యవారు టెంటులో మూడుసార్లు చూశారు. గుర్రాలు శానా బాగుండాయన్నారు. "రాజు లేస్తానే, కోట ఎందుకు పడిందని అడిగే పని మనకు తప్పిపాయె" అని బీడీ ముట్టించారు.

ఆ అడిగే పని మానకూడదనే, ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ప్రొద్దుటూరు పాత బడి ఆవరణలో ఆ చివరి రంగం ఒక్కటే ఆడుతున్నాం. అందరూ రండి. కార్యదర్శి గారికీ ముందు బెంచీలో చోటు ఉంచుతాం. రాజు వేషం నాది. పద్యం అయ్యాక తెర దించం. మీరు ఎంతసేపు ఈలలు వేసినా సరే, ఆఖరి మనిషి లేచి వెళ్లేదాకా నేను నేల మీదే ఉంటాను.