గరగర విఠల్

శాలిబండలోని తన మైక్‌సెట్ల దుకాణం ముందు ఎవరైనా దగ్గితే, విఠల్‌రావు ముందు స్పీకర్ వైపే అనుమానంగా చూస్తాడు. స్పీకర్‌లో గరగర అంటే ఆయనకు అంత పగ. ఒక పెళ్లిలో పులిహోర వదిలేసి లేచి, ఎవడో పరాయివాడి ఆంప్లిఫైయర్ మూత విప్పాడు. మగపెళ్లివాళ్లు తిట్టారు. గరగర తగ్గాక చేయి కడుక్కుని మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు. సిగ్గనేది ఉంటే కదా!

అలాంటి మనిషికి అన్న కూతురు మాన్య కంప్యూటర్‌కు శబ్దాలు అందించే చిన్న సౌండ్‌కార్డు తెచ్చి, రేకు డబ్బాలో బిగించమంది. కంప్యూటర్‌లోని రహస్యాలకు తాళం వేయాలంటే ఎవరూ ఊహించలేని అంకెలు కావాలి. మైకు పెట్టకపోయినా ఆ కార్డు ఊరికే గరగరమంటుంది. ఆ గరగర ఒకసారి వచ్చినట్టు మళ్లీ రాదు కాబట్టి, కంప్యూటర్ దాన్ని విని అందులోంచి అంకెలు ఏరుకుంటుంది. సాయంత్రం ఆఫీసులో పెద్దసారు ముందు ఇది పనిచేస్తేనే మాన్య ఉద్యోగం పక్కా.

ఆమె చెప్పినదానికల్లా విఠల్‌రావు తల ఊపాడు. ఆమె వెళ్లగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. ఒళ్లు మండింది. గరగర పుట్టిస్తున్న ముక్కను పీకేసి మంచిది వేశాడు. పీకడంలో పాతది విరిగింది కూడా.

మధ్యాహ్నం మాన్య వచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించింది. ఒక్క అంకె రాలేదు.

"ఏం చేసినవ్ కాకా?"

"గరగర తీసేసిన. నా దుకాణంలకెళ్లి గరగర సామాను బయటికి పోదు బిడ్డా."

"అయ్యో, గదే కావాలె గద! ఇప్పుడు సారుకేం చూపెట్టాలె? నా నౌకరీ పాయె!"

మాన్య ఏడుపు మొదలుపెట్టింది. విఠల్‌రావు గరగర కోసం దుకాణమంతా గాలించాడు. మహానుభావుడు దేన్నీ వదిలిపెట్టలేదు, ప్రతి సెట్టూ శుభ్రంగా ఉంది.

"అటక మీద దాచినవ్ గద, అది తియ్యరాదు!" అని వెనక గదిలోంచి భార్య రాధాబాయి కేకేసింది.

ఆయన ముఖం మాడిపోయింది. పెళ్లికి ముందు ఆయన సొంతంగా చేసిన మొదటి ఆంప్లిఫైయర్ అది. గుడి భజనలో పెడితే దాని గరగరలో పాట ఒక్క ముక్క వినపడలేదు. అప్పటి నుంచి వీధంతా 'గరగర విఠల్' అని ఏడిపించింది. ఆయన దాన్ని పాత చీరలో చుట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు మాన్య ముందే ఆ మూట విప్పాల్సి వచ్చింది.

స్విచ్ వేయగానే దుకాణం హోరెత్తింది. మాన్య దాని వైరు కార్డుకు తగిలించి, నాబ్ కొంచెం తగ్గించింది. తెర మీద అంకెలు జలజలా రాలాయి.

"కాకా, మస్తుంది! ఎవరు చేసిన్రు దీన్ని?"

ఆయన మూట విప్పిన పాత చీరను మడతపెట్టాడు.

"నేనే," అన్నాడు. "నేనే చేసిన."

అంటూనే చేయి అలవాటుగా స్క్రూడ్రైవర్ వైపు పోయింది. వెనక గదిలోంచి వచ్చిన రాధాబాయి దాన్ని లాక్కుని బొడ్లో దోపుకుంది.

మాన్య ఉద్యోగం పక్కా అయింది. మరునాడు ఎదురు దుకాణం బుచ్చయ్య ఎప్పటిలాగే కవ్వించాడు.

"ఏం సంగతి, గరగర విఠల్?"

ఆ పేరు వింటే చెప్పు తీసే మనిషి.

"హా, చెప్పు భాయ్," అని పలికాడు.