కురుమయ్య తాత ఎర్రగుడ్డ

తెలకపల్లి కురుమయ్య తాతకు నెత్తికి ఎర్ర తువ్వాల చుట్టందే చేతులు ఆడవు. చేన్లోనైనా అంతే, తాను పనిచేసే శంషాబాద్ విమానాల షెడ్డులోనైనా అంతే. అక్కడ ముసలి విమానాన్ని నెలరోజులు నిలబెట్టి, పొట్ట విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగిస్తారు. అది బయల్దేరేముందు తాత చక్రం నిమిరి, చుట్టాన్ని సాగనంపినట్టు "పోయిరా" అంటాడు. ఉత్త "పో" ఏనాడూ అనడు. తిరిగి రావాలి కదా!

ఆ రోజు మాత్రం ఆ మాట వెంటనే అనలేదు. పొద్దున తుడవడానికి తనకిచ్చిన ఎర్రగుడ్డలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. "లోపలే మరిచిన్నేమో. బిగించిన మూతలు మళ్ల విప్పుర్రి," అన్నాడు. "రేపు ఇంకో విమానమొస్తది తాతా! దాన్ని యాడ పెట్టాలె?" అని షెడ్యూలు చూసే మాలతి తల పట్టుకుంది. "జర ఆగు బిడ్డా. గాల్ల ఉన్నప్పుడు గా గుడ్డ తీగెలకు చుట్టుకుంటె ఎవరు తీస్తరు?" మాలతి రేపటి షెడ్యూలును వెనక్కి జరిపింది. మూతలన్నీ విప్పారు, ఎక్కడా లేదు. చెమట తుడుచుకుందామని తాత నెత్తిమీది తువ్వాల లాగితే, చేతికొచ్చింది ఆ గుడ్డే. అసలు తువ్వాల సద్దిగిన్నెకు చుట్టి ఉంది. షెడ్డంతా పగలబడి నవ్వింది.

తాత నవ్వలేదు. "నెత్తిమీద దొరికింది గనక నవ్వుతున్నరు," అన్నాడు. అందరూ మళ్లీ మూతలు బిగించడం మొదలుపెట్టారు. ఆఖరి మూత బిగిసేదాకా చూసి, అప్పుడు గాని చక్రం మీద చెయ్యి వెయ్యలేదు. "పోయిరా."