తువ్వాలు దూర్చి వాయించిన గిటార్

నా కుడి ముంజేయి చూపించుకోవడానికి రియాద్ వెళ్ళాను. వచ్చే నెల మా తెలుగువాళ్ళ వేడుకలో స్పెయిన్ వాళ్ళ ఫ్లమెంకో బాణీలో గిటార్ వాయిస్తానని మాట ఇచ్చాను. నాలుగు వేళ్ళనూ ఒకదాని వెనక ఒకటి విదిలిస్తూ తీగల మీద ఝాడించాలి. ఇప్పుడేమో టీ కప్పు ఎత్తినా మోచేతి దాకా సలుపు. ఇక వాయించలేనేమోనని భయం వేసింది. అయినా అంత తేలిగ్గా వదిలేసే రకాన్ని కాను.

ఉదయమే మేముండే అల్ ఖోబర్‌లో టాక్సీ ఎక్కి దమ్మామ్ స్టేషన్ చేరాను. టికెట్ ముందురోజే ఫోన్‌లో తీసుకోవడం మంచిది. సామాను తనిఖీ ఉంటుంది కాబట్టి కాస్త ముందే వెళ్ళాలి. ఎనిమిదింటికి రైలు కదిలింది. హుఫూఫ్ ఖర్జూర తోటలు దాటాక అంతా ఇసుకే. తెచ్చుకున్న పులిహోర ఎడమచేత్తో, చెంచాతో తిన్నాను. పక్క సీటులో రియాద్‌లోని మలాజ్ పేటలో దుకాణం నడిపే హైదరాబాదీ ఆయన నా చేతి పట్టీనీ గిటార్ పెట్టెనీ మార్చి మార్చి చూశాడు.

"చెయ్యికి పట్టీ కట్టుకొని గింత బరువు మోస్తున్నరు. డాక్టర్ సాబ్ కోప్పడడా అక్కా?"

"డాక్టరమ్మే ఫోన్‌లో తెమ్మంది అన్నా."

దిగాక పెట్టెను టాక్సీ దాకా ఆయనే మోశాడు.

మలాజ్‌లో నన్ను చూసిన ఆ ఫిజియోథెరపిస్టు డాక్టరమ్మది కడప. ముంజేయి నొక్కి చూసి, వాయించమంది. పెట్టె తెరిచి, అలవాటు కొద్దీ తువ్వాలు మడిచి తీగల కింద దూర్చాను.

"ఆ గుడ్డ ఏంటికి?"

"అపార్ట్‌మెంట్ కదండీ. పక్కింటివాళ్ళకి ఇబ్బంది లేకుండా రోజూ ఇలాగే సాధన చేస్తాను."

"శబ్దం ఇనపడకుంటే చెయ్యి ఊరుకుంటాదా? ఇంకా గట్టిగా కొడతాది. కండరం అలిసిపోయింది, చెడిపోలేదు. రెండు వారాలు ఆ విదిలింపులు మానుకోండి. తర్వాత గుడ్డ లేకుండా, మెల్లగా, మధ్యమధ్య ఆపుకుంటా వాయించండి."

ప్రాణం లేచొచ్చింది. ఆ వీధిలోనే ఆంధ్రా భోజనం దొరికితే, గోంగూర కుడిచేత్తోనే కలుపుకున్నాను.

సాయంత్రం తిరుగు రైలెక్కి పక్కింటి రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాను. ఆవిడది అమలాపురం. ఇకమీదట గిటార్ చప్పుడు వినిపిస్తుంది, పర్వాలేదా అని అడిగాను.

"గిటారాండీ? రోజూ గోడవతల దబదబమంటుంటే, రోట్లో ఏదో దంచుతున్నారు కాబోలనుకున్నామండీ. అడిగితే బాగోదని ఊరుకున్నాం. హాయిగా వాయించుకోండి."

వాళ్ళ కోసం నేను చెయ్యి పాడుచేసుకున్నాను. నా కోసం వాళ్ళు ఆ దంపుడు భరించారు. పక్కవాళ్ళు చూస్తున్నా నవ్వు ఆగలేదు.

చేతినొప్పితో వైద్యానికి వెళ్ళే వాద్యగాళ్ళు బరువనుకోకుండా వాద్యాన్ని కూడా తీసుకెళ్ళండి. మన తప్పు మనం చెప్పలేం, వాయిస్తేనే కనబడుతుంది. దమ్మామ్‌లో దిగేముందు మొహం కడుక్కుని ఆ తువ్వాలుతోనే తుడుచుకున్నాను. ఇక దానికి అదే పని.