డీజిల్ లతీఫ్ ఊ అన్న బండి

కోరుట్లలో డీజిల్ లతీఫ్ షెడ్డెక్కడని ఎవరినడిగినా చేయెత్తి చూపిస్తారు. అసలు పేరు అబ్దుల్ లతీఫ్. ఆ పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా వినబడదు. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి. మోకాళ్లు అరిగాయి. బండి కిందికి దూరితే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. గర్వం మాత్రం రవ్వంత కూడా అరగలేదు. ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు, బోరుబండ్లు, జీపులు, డీజిల్ తాగి నడిచేవన్నీ ఆయన చేతిలో పడి లేచినవే. పెట్రోలు బండి వచ్చి షెడ్డు ముందు ఆగితే పిలవని పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూసి, పక్క షెడ్డుకు పొమ్మనేవాడు.

మా దిక్కు ఒక అలవాటుంది. పిల్లను చూడబోతూ పెద్దమనిషిని తోలుకుపోయినట్టు, పాత కారు కొనబోతూ మేస్త్రీని వెంట తీసుకుపోతారు. మేస్త్రీ ఊ అంటేనే బేరం, లేకపోతే లేచి రావడమే. గొల్లపల్లి నుంచి ముస్తాబాద్ దాకా లతీఫ్ ఊ అన్న బండ్లు ఎన్ని ఇళ్ల ముందు నిలబడ్డాయో ఆయనకే తెలియదు. అమ్మేవాడిచ్చే చాయ్ ముట్టడు. వాడి చాయ్ తాగితే వాడి పాటే పాడాలంటాడు. ఇంజన్ స్టార్ట్ చేయిస్తాడు, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనిస్తాడు, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ రెండు నిమిషాలూ ఎవరూ నోరు విప్పకూడదు. మనిషి అబద్ధమాడతాడు గాని ఇంజన్ ఆడదని ఆయన నమ్మకం. నమ్మకం మంచిదే, కాదనను. కాకపోతే ఇంజన్ చెప్పనివి కూడా కొన్ని ఉంటాయి.

సిరిసిల్లకు ఏడు కిలోమీటర్ల దూరంలో, ముస్తాబాద్ దారిలోని ఒక పల్లె దుర్గయ్యది. గుంటెడు భూమి లేని ఇల్లు. లతీఫూ అతనూ సౌదీలో, దమ్మామ్‌లో ఎనిమిదేళ్లు ఒకే గదిలో ఉన్నారు, ఒకే గిన్నెలో వండుకు తిన్నారు. లతీఫ్ అక్కడ మెకానిక్కు, దుర్గయ్య పికప్ డ్రైవరు. ఇద్దరూ తిరిగొచ్చాక ఎవరి ఊరిలో వాళ్లు పడ్డారు. దుర్గయ్య భార్య ఎల్లవ్వకు రెండేళ్ల కింద కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు సిరిసిల్లకు పోయి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను మీద పడుకోవాలి. పోవడం ఎట్లాగో పోతుంది. తిరుగు ప్రయాణమే నరకం. తల తిరుగుతూ, కాళ్లు గుంజుతూ, షేర్ ఆటోలో ఎనిమిది మంది మధ్య నలిగి ఇంటికి చేరేసరికి ఆమెలో ప్రాణం ఉండేది కాదు. అది చూడలేక దుర్గయ్య చిన్న కారొకటి తీసుకుందామనుకున్నాడు. ఇంకెవరిని పిలుస్తాడు, లతీఫ్‌నే పిలిచాడు.

జగిత్యాలలో పాత కార్ల జాగకు ముగ్గురూ పోయారు. అక్కడ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. తెల్లది పెట్రోలు, నీలంది డీజిల్. పైన చూస్తే కవలపిల్లలు, లోపల గుణాలే వేరు. తెల్లది మెత్తగా నడుస్తుంది, తాగుడు కాస్త ఎక్కువ అన్నాడు అమ్మేవాడు. నీలంది లాగుడులో ఎద్దు, మైలేజీలో పొదుపరి, ఇప్పుడు ఇంత చిన్న కార్లలో డీజిల్ ఇంజన్ పెట్టడమే మానేశారు, పోతే దొరకదు అని కూడా అన్నాడు. ఇంజన్లు నడుస్తుండగా ఎల్లవ్వ రెండింటి వెనక సీట్లలోనూ కూర్చుని చూసింది. నోట్లో నాలుక లేని మనిషి, అయినా ఆ రోజు ఒక మాటంది. తెల్లదాంట్లో కూర్చుంటే కడుపులో కదలడం లేదంది. అప్పటికే లతీఫ్ నీలం ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తి ఊకొమ్మన్నాడు. రెండు నిమిషాల తర్వాత కళ్లు తెరిచి, బంగారమన్నాడు. తిరిగేది సిరిసిల్ల దాకానే గదా అని దుర్గయ్య నసిగితే, డీజిల్ ఉండగా పెట్రోలు జోలికి పోయేవాణ్ని దమ్మామ్‌లోనే వదిలేసి రావలసిందని నవ్వాడు. నీలం బండే వచ్చింది.

మూడు నెలలు బాగానే నడిచింది. ఎల్లవ్వ వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుని వచ్చేది. ఒకరోజు స్టీరింగు ముందు పసుపుపచ్చ లైటు వెలిగిందని దుర్గయ్య ఫోన్ చేశాడు. ఇంజన్ చప్పుడు మారిందా అని అడిగాడు లతీఫ్. మారలేదన్నాడు దుర్గయ్య.

"అయితె నడుపు. గా లైట్లన్ని కంపెనోల్ల బెదిరింపులు" అన్నాడు లతీఫ్.

దుర్గయ్య నడిపాడు. లతీఫ్ మాటంటే ఆ ఇంట్లో వేదం మరి. ఇంకో ఇరవై రోజులకు, ఒక బుధవారం పొద్దున, సిరిసిల్ల రెండు కిలోమీటర్లుందనగా బండి లాగడం మానేసింది. ఎంత తొక్కినా నడక కన్నా ముందుకు పోదు. చివరికి ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి ఎల్లవ్వ వంతు దాటిపోయింది, మంచం ఇంకొకరికి పోయింది. మళ్లీ మిషను ఖాళీ అయ్యేసరికి సాయంత్రమైంది. అప్పటికి ఆమె ముఖం వాచి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చుంది. బతికింది, అంతవరకు దేవుడి దయ.

సంగతి తెలిసి మర్నాడే లతీఫ్ రెండు బస్సులు మారి సిరిసిల్ల వచ్చాడు. బండిని తోసుకుపోయి పెట్టిన సర్వీసు సెంటరులో సౌమ్య అనే అమ్మాయి, ఆయన కూతురి వయసుది, కంప్యూటరు తీగ బండికి తగిలించి చూస్తోంది. కొత్త రూలొచ్చాక డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే జల్లెడ పెడుతున్నారని చెప్పింది. పెద్ద రోడ్డు మీద ఆపకుండా పోతే అది ఎర్రగా వేడెక్కి, ఆ మసి దానికదే కాలిపోతుంది. రోడ్డంతా వడ్లు ఆరబోసిన దారిలో, గొర్ల మందల వెనక, రెండో గేరు మూడో గేరులో ఏడు కిలోమీటర్లు పోయి వచ్చే బండికి అది వేడెక్కేదెప్పుడు? నిండిపోయింది. చప్పుడు కూడా చేయదు అన్నది.

"మీరు తిరిగే తిరుగుడుకు పెట్రోలు బండి తీసుకునేది ఉండె. ఎవలు ఇప్పిచ్చిన్రు గిది?" అని అడిగింది సౌమ్య.

లతీఫ్ పక్కనే నిలబడి ఉన్నాడు. దుర్గయ్య ఆయన దిక్కు చూడను కూడా చూడలేదు.

"ఎవలు ఇప్పియ్యలేదు మేడం. నేనే కొన్న" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నలుగురిలో కాలరు పట్టుకున్నా బాగుండేది. ముప్పై ఏళ్లు ఇంజన్ల గుండె చప్పుడు విన్న చెవి, పక్కనున్న మనుషులు ఎంత దూరం తిరుగుతారని ఒక్కమాట అడగలేదు. చెప్పబోతే విననూ లేదు.

"నేనే ఇప్పిచ్చిన బిడ్డా. లైటు వెలిగితె నడుపుమన్నది గుడ నేనే" అన్నాడు చివరికి. ఆ అమ్మాయి తల వంచుకుని కంప్యూటరు చూసుకుంది.

ఆ రాత్రి ఇంట్లో అన్నం సయించలేదు. సంగతంతా విన్న రషీదాబీ, భర్త ముందు కంచం జరిపి, నిన్ను నమ్మడం వాళ్ల తప్పు కాదు గదా, తిని పడుకో అంది. ఓదార్పో, దెప్పుపొడుపో తేల్చుకోలేక ఆయన అటూ ఇటూ దొర్లాడు. తెల్లారి జగిత్యాలకు ఫోన్ చేస్తే తెల్లబండి ఎప్పుడో అమ్ముడుపోయిందన్నారు. నీలందాన్ని తిరిగి తీసుకుంటారా అంటే, గిరాకీ లేదన్నారు. పోతే దొరకదన్న నోరే అది.

సర్వీసు సెంటరులో జల్లెడ మసి కాల్చి బండిని ఇచ్చారు గాని, వారానికోసారి అరగంట ఆపకుండా, ఇంజన్ గట్టిగా తిరిగేలా పెద్ద రోడ్డు మీద నడపాలన్నారు. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా, మళ్లీ మొదలుపెట్టాలి. వారంలో మూడు రోజులు ఆసుపత్రి గుమ్మంలో కాపలా ఉండే దుర్గయ్యకు ఆ పని కూడా ఎక్కడ పెడతారు? లతీఫ్ తన నెత్తికెత్తుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున కోరుట్లలో బస్సెక్కడం, బండి తీసుకుని గమ్యం లేకుండా పోయి రావడం, మోకాళ్లు పట్టుకుని మళ్లీ బస్సెక్కడం. నాలుగు ఆదివారాలకే ఒళ్లు హూనమైంది. చేసుకున్నవారికి చేసుకున్నంత అనుకుని ఎవరితోనూ అనలేదు.

అయిదో ఆదివారం ఎల్లవ్వ తానూ వస్తానంది. రెండేళ్లుగా ఇల్లూ ఆసుపత్రీ తప్ప మూడో జాగ చూడలేదట. ఎట్లాగూ పోయేదే గదా, కొండగట్టు అంజన్నను చూసి వద్దామంది. ముగ్గురూ బయల్దేరారు. వేములవాడ దాటాక రోడ్డు నున్నగా దొరికింది. లతీఫ్ పైగేరు వేయకుండా ఇంజన్‌ను గట్టిగా తిప్పుతూ గడియారం చూసుకున్నాడు. బండి రొద పెడుతోంది, కింద పలక వణుకుతోంది. పది నిమిషాలు, పదిహేను. దుర్గయ్య ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్నాడు. ఇరవై రెండో నిమిషంలో లతీఫ్ కళ్లు అద్దంలోకి పోయాయి.

ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నుదుటి నిండా చెమట. ఒక చేత్తో సీటు అంచు, ఇంకో చేత్తో కడుపు పట్టుకుంది. ఎప్పటినుంచి అట్లా ఉందో ఏమో, చిన్న మూలుగు కూడా లేదు.

ఆయన బండిని రోడ్డు పక్కకు తీసి ఇంజన్ బంద్ చేశాడు. దుర్గయ్య ఉలిక్కిపడి లేచాడు. ఎల్లవ్వ తలుపు తీసుకుని వంగి, కక్కి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఊపిరి కుదురుకున్నాక లతీఫ్ దిక్కు చూసింది.

"ఎందుకాపినవన్నా? ఇంక జరంతనే ఉండె గద. మల్ల మొదటి నుంచి నడుపాలె నువ్వు."

లతీఫ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మోకాళ్లు సలుపుతున్నా కిందికి దిగి, నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

"నడుపుత చెల్లె. గదే గద నా పని" అన్నాడు. "నువ్వు చెప్పినంకనే తీస్త బండి."