ఐలయ్య ముల్కీ కాగితం

నేను ముప్పై ఏళ్లు రికార్డు గదిలో పనిచేశాను. పాత ఫైళ్ల దుమ్ము దులపడం, చెదలు పట్టినవాటిని వేరు చేయడం, ఎవరైనా నకలు అడిగితే వెతికి తీయడం నా ఉద్యోగం. ఆ పనిలో ఉన్నవాడికి మనుషుల మీద పెద్దగా నమ్మకం మిగలదు. అర్జీల్లో అందరూ మంచివాళ్లే, అందరూ అన్యాయమైపోయినవాళ్లే. అన్ని వేల కాగితాల్లో, పెట్టుకున్నవాడే లేచి ఇది అబద్ధమని చెప్పిన అర్జీ నేను ఒక్కటే చూశాను.

అది వడ్డె ఐలయ్య 1949లో పెట్టుకున్న ముల్కీ అర్జీ. హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కొలువు కావాలంటే తాను ఈ రాజ్యపు మనిషినేనని కాగితం చూపించాలి. దాన్నే ముల్కీ కాగితం అనేవారు. ఇక్కడ పుట్టకపోయినా పదిహేనేళ్లు ఇక్కడే ఉన్నట్టు రుజువైతే ఇచ్చేవారు. ఫైలులో ఉన్నది ఫైలులో చదివాను. లేనిది చాలా ఏళ్ల తర్వాత ఐలయ్య భార్య పోచమ్మ చెప్పింది. ఆమెకు అప్పటికి డెబ్బై దాటాయి, అయినా జ్ఞాపకం నాకంటే బాగుంది.

వాళ్ల ఊరు మాదాపూర్‌కూ హఫీజ్‌పేటకూ నడుమ ఉండేది. పేరు చెప్పను. అప్పటి పటేలు మనవళ్లు ఇప్పుడు అక్కడ స్థలాలు అమ్ముకుంటూ సుఖంగా ఉన్నారు, ఈ వయసులో వాళ్లతో నాకు తగాదా ఎందుకు? ఊరికి పడమట పెద్ద బండ ఉండేది. ఐలయ్య పదేళ్ల వయసులో తండ్రి వెంట రాజ్యం అవతలి నుంచి కృష్ణ దాటి వచ్చి ఆ బండ పక్కన గుడిసెలో దిగాడు. మళ్లీ కదలలేదు. ఆ చుట్టుపక్కల ఇళ్లకు గడపరాళ్లు, రోళ్లు, బావులకు మెట్లు తండ్రీకొడుకులు కొట్టినవే. ఏడాదికోసారి ఐలయ్య ఇల్లిల్లూ తిరిగి అరిగిపోయిన ఇసుర్రాళ్లకు గంట్లు కొట్టేవాడు. అతను రాకపోతే పిండి బరకగా పడేది కనుక ఆడవాళ్లందరికీ అతనితో పని ఉండేది.

రాతిపని చేసేవాళ్లలో ముసలివాళ్లు అరుదు. దుమ్ము రొమ్ములో చేరి కూర్చుంటుంది. ఐలయ్య తండ్రి నలభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. ఐలయ్యకు ముప్పై అయిదో ఏట అదే దగ్గు మొదలైంది. తండ్రి దగ్గును రోజూ విన్నవాడు, అదేమిటో ఏ హకీమూ చెప్పనక్కరలేకపోయింది. భయపడ్డాడు. ఆ భయం పెళ్లానికి కూడా చెప్పుకోలేదు, కానీ పోచమ్మకు తెలుసు.

అప్పుడే హఫీజ్‌పేట దగ్గర రైలు కట్ట కింద నీళ్లు పోయే మోరీ ఒకటి కట్టే పని వచ్చింది. ఐలయ్య పని చూసి లైను ఇన్‌స్పెక్టర్ ముచ్చటపడ్డాడు. అక్కడి గేటు కాపలాదారు ముసలివాడు, ఉగాది వెళ్లాక దిగిపోతున్నాడు. ముల్కీ కాగితం తెస్తే ఆ కొలువు నీకే ఇప్పిస్తానని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. రైలు వచ్చే ముందు గేటు వేయాలి, పోయాక తీయాలి. పక్కనే ఒక గది. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ రాతి దుమ్ము ఉండదు. బతికి బట్టకట్టడానికి దేవుడు ఒక దారి చూపించాడని పోచమ్మ అనుకుంది. ఆ దారికి అడ్డం ఒక్క కాగితమే.

అర్జీ పెట్టాడు. తాలూకా కచేరీవాళ్లు దాన్ని విచారణకు ఊరి పటేలుకు పంపారు. పటేలు రెండు వాక్యాల్లో తేల్చేశాడు. కిందటేడు ఇంటింటి పేర్లు రాసిన రిజిస్టరులో ఈ మనిషి పేరు లేదు. కనుక ఇతను ఈ ఊరివాడు కాడు.

ఆ రిజిస్టరు సంగతి చెప్పాలి. 1948 వేసవిలో, రాజ్యం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో, పటేలు దండోరా వేయించాడు. ఇంటికొక మగవాడు మూడు రోజుల్లో చావడికి వచ్చి పహరా దళంలో పేరు రాయించుకుని వేలిముద్ర వేయాలి, వేయనివాడు ఊరివాడు కాడు. ఎవరి మీద పహరా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. వెళ్లారు, వేలు పెట్టారు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి దళం పోయింది, దాన్ని పెట్టమన్నవాళ్లూ పోయారు. పటేలు పోలేదు, రిజిస్టరూ పోలేదు. గుడిసెలతో సహా ఊరి ఇళ్లు వరసగా రాసి ఉన్న పుస్తకం అదొక్కటే. అందుకని ఎవరు ఊరివాడు, ఎవరు కాడు అని పైనుంచి అడిగినప్పుడల్లా పటేలు దాన్నే తిరగేసేవాడు. కొత్తగా వచ్చిన అధికారులకు అది ఎందుకు పుట్టిన పుస్తకమో తెలియదు. అలా కిందటేడు భయపడి వేలు పెట్టినవాళ్లంతా ఈ ఏడు రుజువైన స్థానికులయ్యారు.

ఐలయ్య ఎందుకు వేలు పెట్టలేదంటే, ఆ మూడు రోజులూ బండ మీద మంట ఉంది. రాతి పలక లేపాలంటే బండ మీద కట్టెలు వరసగా పేర్చి సన్నగా మంట పెట్టాలి. దాన్ని కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోతే వేడికి పైపొర కిందిపొర నుంచి విడిపోతుంది. మధ్యమధ్య సుత్తితో తట్టి, చప్పుడు బోలుగా వస్తోందా లేదా అని వినాలి. మంట ఒకచోట నిలిచిపోతే పలక ముక్కలవుతుంది, నెల రోజుల కట్టె దండగ. దండోరా ఐలయ్యకు వినబడింది. పలక లేచాక పోవచ్చులే అనుకున్నాడు. ఇందులో ధైర్యమూ లేదు, దేశభక్తీ లేదు. మూడోనాడు సాయంత్రం చావడికి పోయేసరికి రిజిస్టరు కట్టేశారు. చావడి ముందు సాయిలు పడి ఉన్నాడు.

సాయిలు రెండెకరాల రైతు. నా చేనుకు తప్ప దేనికీ కాపలా కాయనని పదిమంది ఎదుట చెప్పి పిడికిలి బిగించాడట. పటేలు మనుషులు కొరడాతో కొట్టారు. పిడికిలి విప్పలేదు. ఐలయ్య, ఇంకో ముగ్గురు అతణ్ణి మంచం మీద వేసుకుని ఇంటికి మోశారు. నెల తిరక్కుండా సాయిలు చనిపోయాడు. పిల్లలు లేరు. భార్య భూలక్ష్మి ఒక్కతే మిగిలింది.

ఇక 1949కి వద్దాం. పటేలు జవాబు చూసి ఐలయ్య కచేరీ వరండాలో అర్జీలు రాసే రామచంద్రం దగ్గరికి పోయాడు. నా రికార్డు గదిలో సగం అర్జీలు ఈ రామచంద్రం దస్తూరీయే. కన్నీళ్లు తెప్పించడంలో దిట్ట. ఐలయ్య మొర విని, ఊళ్లో ఇంకెవరెవరు వేలు పెట్టలేదు, ఎందుకు పెట్టలేదు అని తరచి తరచి అడిగాడు. సాయిలు సంగతి కూడా విన్నాడు. తర్వాత ఉర్దూలో రెండు పేజీల కొత్త అర్జీ రాసి, నువ్వు వేలు పెట్టలేదని రాశాను, అదే నీకు పనికొస్తుంది, ఫికర్ చెయ్యకు అన్నాడు. వేలు పెట్టని మాట నిజమే కదా అని ఐలయ్య ఆ కాగితం మీద వేలు పెట్టాడు. అతనికి ఏ అక్షరాలూ రావు.

ఇద్దరు సాక్షులను తెచ్చుకోమన్నారు. ఐలయ్య ఊరంతా తిరిగాడు. పాతికేళ్లుగా అతను కొట్టిన గడపలు దాటి వచ్చే మగవాళ్లు, అతను కొట్టిన మెట్ల మీద నిలబడి నీళ్లు తోడుకునే మగవాళ్లు, పటేలుతో మాకెందుకు తంటా అన్నారు. ఒకాయనైతే నువ్వు ఎప్పుడొచ్చావో నాకు సరిగ్గా గుర్తులేదన్నాడట. ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. భూలక్ష్మి ఒక్కతే వస్తానంది. పదిహేడేళ్ల కిందట తాను కాపురానికి వచ్చిన ఏడు కూడా అత్త ఇసుర్రాయికి గంట్లు కొట్టింది ఐలయ్యేనని, ఆ మాట ఎవరి ముందైనా చెబుతానని అంది.

విచారణ రోజు ఐలయ్య, పోచమ్మ, భూలక్ష్మి పొద్దున్నే బయలుదేరి కచేరీకి నడిచారు. అధికారి కృష్ణా జిల్లా మనిషి, ఇక్కడికి వచ్చి ఆరు నెలలైంది. ఈ గడ్డ మీద ఎవరు స్థానికుడో, ఎవరు కాదో తేల్చే పని ఆయనకు అప్పగించారు. మనిషి మంచివాడే. ఉర్దూ రాదు కనుక కచేరీ గుమాస్తా అయిన పేష్కారు చదివి తెలుగులో చెప్పేవాడు. పటేలు ఒక పక్క బెంచీ మీద కూర్చున్నాడు. ఆడవాళ్లిద్దరూ తలుపు దగ్గర నిలబడ్డారు.

పేష్కారు చదువుకుంటూ పోయి నాలుగు వరసల దగ్గరికి వచ్చాడు. ఈ అర్జీదారు పహరా దళంలో చేరనని చావడిలో పదిమంది ఎదుట చెప్పాడు. కొరడా దెబ్బలు తిన్నాడు. అయినా పిడికిలి విప్పలేదు. ఈ కారణం చేతనే రిజిస్టరులో ఇతని పేరు లేదు.

అధికారి కుర్చీలోంచి సగం లేచాడు. “ఇలాంటివాణ్ణి ఊరివాడు కాదని రాశారేమిటండీ పటేలుగారూ?” అని అడిగి, ఐలయ్యకు కుర్చీ వేయమని జవానుకు చెప్పాడు. పటేలు కాదనలేడు. అది అబద్ధమంటే, మరి నువ్వు కొట్టించింది ఎవరిని అని అడుగుతారు. ఇంత భద్రంగా కుదిరిన అబద్ధం నా సర్వీసులో ఇంకోటి చూడలేదు. ఐలయ్య దంపతులు కాక దాన్ని కాదనగలిగిన మనిషి ఆ గదిలో భూలక్ష్మి ఒక్కతే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఐలయ్య వీపు వైపు చూస్తూ నిలబడింది.

పోచమ్మ నాతో దాచకుండా చెప్పింది. “పాపమో పుణ్యమో, ఆయన నోరు తెర్వొద్దని మొక్కిన బిడ్డా. ఆ దగ్గు నేను దినాం ఇంటుంటి.”

జవాను కుర్చీ తెచ్చి వేశాడు. ఐలయ్య కూర్చోలేదు. దగ్గు వచ్చింది, అది తగ్గేదాకా ఆగాడు. “నేను గాదు దొరా. దెబ్బలు తిన్నది సాయన్న. సచ్చిపోయింది సాయన్న. నేను బండ మీద మంటవెట్టి ఉంటి, గందుకు పోలే.”

మరి ఇలా ఎందుకు రాయించావని అధికారి కోపగించాడు. రాసింది ఏమిటో ఇప్పుడే తెలిసిందని ఐలయ్య చెప్పాడు. వరండాలో రామచంద్రం కోసం చూస్తే చాప ఉంది, మనిషి లేడు. అధికారి ఇంకో ప్రశ్న వేశాడు. అది ఎందుకు అడిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అడగకపోతే ఏం పోయేది? మంట లేకపోతే వెళ్లి వేలు పెట్టేవాడివేనా అన్నాడు.

“పెడుతుంటి దొరా. అందరు వెట్టిన్రు.”

దీంతో పటేలుకు ప్రాణం లేచి వచ్చింది. తన నోటితోనే ఒప్పుకున్నాడు కదా, రిజిస్టరులో లేడు, ఊరివాడు కాడు, ఇంక విచారణ ఏముంది అన్నాడు. అప్పుడు భూలక్ష్మి తలుపు దగ్గర నుంచే అడిగింది. తమ ఇంటి పేరు కూడా అందులో లేదు, తాము కూడా ఈ ఊరివాళ్లం కాదా అని. పటేలు తెచ్చిన రిజిస్టరు పేజీలన్నీ పేష్కారు తిప్పాడు. సాయిలు ఇల్లు లేదు. అధికారి పట్వారీ చేత భూమి లెక్క తెప్పించి చూశాడు. ఆ రెండెకరాలు సాయిలు తండ్రి పేరున, అంతకుముందు తాత పేరున ఉన్నాయి. తాతముత్తాతల కాలంనుంచి ఉన్నవాళ్లు ఈ పుస్తకంలో లేనప్పుడు ఇది ఊరివాళ్ల లెక్క ఎలా అవుతుందండీ అని అధికారి రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. ఇసుర్రాయి సంగతి భూలక్ష్మి నోట విని రాయించుకున్నాడు. రెండో సాక్షి కోసం పట్టుబట్టలేదు. అర్జీలో ఆ నాలుగు వరసలు కొట్టేసి, బండ మీద మంట ఉన్నందున హాజరు కాలేదు అని రాయమని పేష్కారుకు చెప్పాడు.

ఐలయ్యకు ముల్కీ కాగితం వచ్చింది. గేటు కొలువూ వచ్చింది. దగ్గు పోలేదు కానీ పెరగడం నెమ్మదించింది. తొమ్మిదేళ్లు గేటు కాసి, తండ్రి కంటే ఆరేళ్లు ఎక్కువ బతికాడు. ఆ ఆరేళ్ల గురించి చెప్పేటప్పుడు పోచమ్మ ముఖంలో సంతోషమే ఉంది, ఎవరికీ క్షమాపణ చెప్పుకోవాల్సిన సంతోషం కాదది.

అయితే ఆ రోజు కచేరీలో ఇంకో మాట జరిగింది. అది ఫైలులో లేదు. వరసలు కొట్టేయమని అధికారి అన్నప్పుడు భూలక్ష్మి తలుపు దగ్గర నుంచి బల్ల దాకా వచ్చిందట.

“కొట్టెయ్యకుండ్రి దొరా. పేరొక్కటి మార్చుండ్రి. మా ఆయన పేరు వెట్టుండ్రి.”

ఇది ఐలయ్య అర్జీ, ఇందులో ఇంకొకరి పేరు పెట్టడానికి వీల్లేదని అధికారి నెమ్మదిగానే చెప్పాడు. “నీ భర్త వేలిముద్రతో ఈ కచేరీలో ఏదైనా కాగితం ఉంటే చెప్పమ్మా, అందులో రాయిస్తాను.”

“ఏలు వెట్టనన్నందుకే గద దొరా ఆయన్ను సంపిన్రు. కాగితం యాడికెల్లొస్తది?”

పేష్కారు కలం పట్టుకుని అధికారి ముఖం వైపు చూశాడు. అధికారి కిటికీ వైపు చూస్తూ కొట్టేయమన్నాడు. సాయిలు చేసిన పని గురించి సర్కారు దగ్గర ఉన్నది ఆ నాలుగు వరసలే, వాటి మీద ఎర్రసిరా గీతలున్నాయి.