ఆరని తొమ్మిదో నంబరు

తేమ పిన్ని దృష్టిలో ఈ భూప్రపంచంలో పూర్తిగా ఆరిన బట్టంటూ ఒక్కటీ లేదు. నడివేసవిలో, మిట్టమధ్యాహ్నం, పొద్దున్నుంచీ తీగ మీద వేలాడి అట్టలా బిగుసుకుపోయిన జెర్సీని తీసి చెంపకు ఆనించుకునేది. కళ్లు మూసుకుని రెండు క్షణాలు ఆగి, "తేమ ఉంది" అనేది. అంతే, ఆ బట్ట మళ్లీ తీగ ఎక్కాల్సిందే. ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలుతికే గదికి ఆమే మహారాణి. ఇరవై రెండేళ్లుగా ఆమె చెంప ఒప్పుకోనిదే ఆ గదిలోంచి ఒక్క మేజోడు బయటికి రాలేదు. ఆమె అసలు పేరు హాజరు పుస్తకం రాసే సెక్రటరీకి ఒక్కడికే తెలుసు. ఆయన కూడా పిన్నీ అనే పిలిచేవాడు.

ఒకసారి పోటీ మొదలయ్యే వేళకి ఎనిమిది జెర్సీలే ఆమె పరీక్ష పాసయ్యాయి. మిగతా ముగ్గురూ బనియన్లతో గుమ్మంలో నిలబడ్డారు. రిఫరీ స్వయంగా వచ్చి, "అమ్మా, టైమైపోయింది" అన్నాడు. పిన్ని అతన్ని కిందినుంచి పైదాకా చూసి, "నీ చొక్కా ఎవరుతికారు నాయనా? చంకలో చెమ్మ అలాగే ఉంది. విప్పు, ఓ పది నిమిషాలు ఆరేసిస్తాను" అంది. రిఫరీ చేతులు ఒంటికి అదిమిపెట్టుకుని వెళ్లిపోయి ఆట పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టాడు.

ప్రెసిడెంటుగారి కోటు కథ ఇంకా గొప్పది. వానలో తడిసి వచ్చిన పెద్దమనిషి ఒంటి మీంచి కోటు లాక్కున్నంత పని చేసి తీగ మీద వేసింది. నాలుగు రోజులు ఆ కోటు కిందికి దిగలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన కోచ్ ట్రాక్‌సూటులో తిరిగారు, అందులోనే ఒక పెళ్లికి కూడా వెళ్లారు. పెళ్లివారు ఆయన్ని ఆటల మాస్టారనుకుని పిల్లలందరినీ అప్పగించారు.

అలాంటి పిన్నితో సెక్రటరీకి అసలు చిక్కు ఈ వేసవిలో వచ్చిపడింది. వేసవి అంటే ఆటగాళ్లు క్లబ్బులు మారే కాలం. ఏడేళ్లుగా తొమ్మిదో నంబరు జెర్సీతో ఆడుతున్నతన్ని ఒక పెద్ద క్లబ్బు అడిగింది. అన్నీ కుదిరాయి. వాళ్ల డాక్టర్లు పరీక్ష చేసి సరేననడం ఒక్కటే మిగిలింది. ప్రెసిడెంటుగారు అంతవరకు ఆగితేనా? అతని చోట ఒక కుర్రాణ్ణి తెచ్చేశారు, తొమ్మిదో నంబరు నీదేనని మాట కూడా ఇచ్చేశారు. ఆ రోజు నుంచీ వాళ్లిద్దరూ పాత తొమ్మిది, కొత్త తొమ్మిది అయిపోయారు. ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. వెళ్లిపోయినవాడి జెర్సీకే పేరు విప్పేసి, కొత్తవాడి పేరు కుట్టి ఇస్తారు. విప్పేదీ, కుట్టేదీ, ఉతికే గది గోడకున్న ఆ నంబరు కొక్కేనికి తగిలించేదీ పిన్నే.

ప్రెసిడెంటుగారి తొందరకు కారణం స్టేడియం. పాత మైదానం వదిలేసి ఊరి చివర కట్టిన కొత్త స్టేడియానికి మారాలని ఆయన పట్టుదల. సభ్యులు రెండుగా చీలిపోయారు. "మా నాన్న కూర్చున్న బెంచీ వదిలి ఎలా వస్తామండీ?" అని ఒకాయన కళ్లు తుడుచుకుంటే, "ఆ బెంచీకి మేకు లేచి ఉంది, మీ నాన్న ఏనాడూ కూర్చుని చూడలేదు" అని ఇంకొకాయన. ఆదివారం సభ్యులందరి సమావేశం, ఓటింగు. కొత్త ఆటగాళ్లను జెర్సీలతో వేదిక మీద నిలబెడితే, క్లబ్బు ఎదుగుతోందని చూసి జనం తనవైపు చెయ్యెత్తుతారని ప్రెసిడెంటుగారి ఆశ.

"ఆదివారానికి తొమ్మిది రెడీగా ఉండాలి" అన్నారాయన సెక్రటరీతో.

"పిన్ని ఇవ్వాలి కదండీ."

"ఇవ్వకపోతే సుద్దముక్కతో నీ పొట్ట మీద తొమ్మిది రాసి నిన్నే నిలబెడతాను."

తన పొట్ట గురించి సెక్రటరీకి అసలే బెంగ. మంగళవారం పొద్దున్నే ఉతికే గదికి పరిగెత్తాడు. పిన్ని జెర్సీ తీసి చెంపకు ఆనించుకుంది. తేమ ఉంది. గురువారం మళ్లీ వెళ్లి, "ఇంత ఎండలో ఇన్ని రోజులా పిన్నీ?" అని వాపోయాడు.

"ఎండ బట్టకి తగులుతోంది బాబూ, పోగుకి తగలడం లేదు."

శుక్రవారం ఆయన ధైర్యం చేసి తనే చెంపకు ఆనించుకున్నాడు. చురుక్కుమంది.

"కాలుతోంది పిన్నీ!"

"ఆ మాసిన గడ్డానికేం తెలుస్తుంది? గీసుకుని రా, అప్పుడు చూద్దాం."

ఆయన నిజంగానే ఇంటికెళ్లి నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు. వచ్చేసరికి జెర్సీ లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "నీ గడ్డం తగిలిందిగా, మళ్లీ ఉతికాను" అంది పిన్ని.

శనివారం ప్రెసిడెంటుగారే రంగంలోకి దిగారు. కొత్త స్టేడియంలో పెట్టబోయే ఆరబెట్టే యంత్రాన్ని ఒకటి తెప్పించి, తడి తువ్వాలు అందులో పడేసి, నలభై నిమిషాల్లో తీసి పిన్ని చేతికిచ్చారు. "చూడమ్మా, ఎలా ఆరిందో." పిన్ని చెంపకు ఆనించి జాలిగా తల ఊపింది. "ఇది ఆరలేదయ్యా, బెదిరింది."

ఆదివారం పొద్దున సెక్రటరీ వెళ్లేసరికి పిన్ని గదిలో లేదు, తీగ మీద జెర్సీ లేదు. గబగబా బీరువా తెరిచాడు. లోపల తొమ్మిదో నంబరు శుభ్రంగా ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. పాత తొమ్మిది పేరు కుట్టిన దారం ఒక్క పోగు కూడా కదల్లేదు. అప్పుడే బకెట్‌తో లోపలికి వచ్చిన పిన్ని మీద ఆయన జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు.

"ఇదేమిటి పిన్నీ? ఆరిపోయింది కదా?"

"ఎప్పుడో ఆరింది" అంది పిన్ని, బకెట్ దించుతూ. "డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేదుగా. నేను పేరు విప్పేశాక వాళ్లు వద్దన్నారనుకో, వీడు తిరిగొస్తాడు. వచ్చి చూస్తే తన కొక్కేనికి ఇంకొకడి చొక్కా. అసలే మొహం చెల్లక వచ్చినవాడు, గుమ్మంలోంచే వెనక్కి పోడూ?"

"వాళ్లెందుకు వద్దంటారు?"

"ఏడేళ్లుగా వాడి మోకాలి పట్టీలు ఉతుకుతున్నాను. నిరుడు దాకా కుడిదొకటే సాగేది. ఈ ఏడు రెండూ సాగాయి. వాళ్లకి ఎక్స్‌రే కావాలి గానీ నాకు పట్టీ చాలదూ?"

సెక్రటరీ స్టూలు మీద కూలబడ్డాడు. పాత వేసవులు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. గోల్‌కీపర్ వేరే క్లబ్బుకి వెళ్లినప్పుడు రెండు వారాలు ఆరని జెర్సీ, అక్కడ సంతకాలయ్యాయని తెలిసిన మధ్యాహ్నమే ఆరిపోయింది. ఎడమవైపు ఆడే అతను కుదరక తిరిగొచ్చిన ఏడాది అతని జెర్సీ అసలు ఆరనే లేదు. అతను వచ్చి, ఏమీ జరగనట్టు అదే తొడుక్కుని ఆడాడు. ఇదంతా చాదస్తమని పదిమందిలో చెప్పి తాను ఎన్నిసార్లు నవ్వించాడో తలుచుకుంటే సెక్రటరీకి సిగ్గేసింది.

అంతలో ఆయన ఫోను మోగింది. పెద్ద క్లబ్బు వాళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి, సగం ఆట వరకైతే ఆడగలడు, తమకు అలా కుదరదు, క్షమించాలి అన్నారు. సెక్రటరీ ఫోను పెట్టేసి పిన్ని వైపు చూశాడు. ఆమె బకెట్ పక్కకి జరిపింది. బీరువా అడుగు అరలోంచి ఇంకో జెర్సీ తీసింది. దాని మీద కొత్త కుర్రాడి పేరు, కింద పంతొమ్మిది.

"బుధవారమే కుట్టి పెట్టాను. పది ఎక్కువే ఇచ్చానని చెప్పు."

కుర్రాడు ఏమంటాడోనని సెక్రటరీ భయపడుతూనే ఇచ్చాడు. వాడు దండం పెట్టినంత పని చేశాడు. అంతటి ఆటగాడి నంబరు వేసుకుని ఆడాలంటే వారం నుంచీ అన్నం సయించడం లేదట.

సమావేశంలో స్టేడియం మారాలన్నవాళ్లే నెగ్గారు, మూడు చేతుల తేడాతో. అందులో ఒక చెయ్యి పిన్నిది. సెక్రటరీ నోరెళ్లబెట్టాడు.

"నువ్వా పిన్నీ?"

"ఎండ అక్కడ కాయదా ఏమిటి? పైకప్పు మీద నాలుగు వరసల తీగ కట్టిస్తానని ప్రెసిడెంటుగారి చేత రాయించుకున్నాకే చెయ్యెత్తాను."

సాయంత్రం జనమంతా వెళ్లిపోయాక పాత తొమ్మిది వచ్చాడు. ముందు గేటు నుంచి రావడానికి మొహం చెల్లలేదు కాబోలు, దొడ్డిదారిన వచ్చి ఉతికే గది గుమ్మంలో ఆగిపోయాడు. భుజాన సంచీ, తల నేలకేసి ఉంది. అక్కడే ఉన్న సెక్రటరీ పక్కకు జరిగి దారిచ్చాడు.

"పిన్నీ, నేను..." అన్నాడతను.

"ఆ సంచీ ఇటు తే" అంది పిన్ని. విప్పి చూసి మండిపడింది. "మురికి బట్టలు మూటగట్టి వారం రోజులు ఊరు తిప్పుకొచ్చావా? మేజోళ్లు మళ్లీ తిరగేసే వేశావు. ఏడేళ్లుగా మొత్తుకుంటున్నాను, పెద్ద క్లబ్బు వాళ్లయినా నేర్పలేదా నీకు?"

అతను తలెత్తాడు. ఎదురుగా గోడ మీద తన కొక్కెం, దానికి తన జెర్సీ, వీపు మీద తన పేరు. చాలాసేపు అటే చూశాడు. తర్వాత అతని మొహం మెల్లగా విచ్చుకుంది.

"నేర్పలేదు పిన్నీ" అని నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుని, మేజోళ్లు ఒక్కొక్కటే సరిగ్గా తిప్పడం మొదలుపెట్టాడు. సెక్రటరీ కూడా చొక్కా చేతులు మడుచుకుని, పక్కన కూర్చుని రెండో జత అందుకున్నాడు.