రెండో పేరు

మా ఆఫీసులో నీళ్ల డ్రమ్ముకు ఒక స్టీలు గ్లాసు గొలుసుతో కట్టి ఉండేది. డ్రైవర్లు, హమాలీలు, గుమాస్తాలు, ఎండ మరీ ముదిరితే మేనేజరు కూడా ఆ గ్లాసుతోనే తాగేవారు. ఫ్లూ ఏర్పాట్ల పని నా నెత్తిన పడ్డాక నేను మొట్టమొదట చేసింది ఆ గొలుసు విప్పించి, కాగితపు గ్లాసులు తెచ్చి పెట్టడం. నాలుగు రోజుల్లో కాగితపు గ్లాసులు అయిపోయాయి. ఐదో రోజు పొద్దున చూస్తే స్టీలు గ్లాసు మళ్లీ గొలుసుకు వేలాడుతోంది. ఎవరు కట్టారని అడిగే ఓపిక కూడా నాకు లేకపోయింది. 'గ్లాసు తిరిగి వచ్చింది' అని డైరీలో ఒక్క వాక్యం రాసుకున్నాను.

మాది చంద్రపూర్ ఊరి బయట బొగ్గు డిపో. లారీలు ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి మా కాంటా మీదికి ఎక్కుతాయి. రెండు తూకాల మధ్య తేడాయే బొగ్గు. కాంటా పక్కన గాజు కిటికీ ఉన్న చిన్న గది, దాని వెనుక ఆఫీసు. అందులో నేను చిన్న గుమాస్తాను. ఆ వేసవి మొదట్లో నాగపూర్‌లోని పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కరోనాలో పని ఆగిపోయింది కదా, రేపు ఫ్లూ అలాగే విరుచుకుపడితే డిపో ఎలా నడుపుతారో ఇప్పుడే రాసి పంపమని. మేనేజరు దాన్ని నా బల్ల మీద పెట్టి, "పుస్తకాలు చదివే పిల్లవు, నీకిదెంతసేపు," అని మరాఠీలో అన్నాడు. నేను చదువుతానని ఆయనకెలా తెలిసిందో! పుస్తకాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడే తీస్తాను. కాదనడం నాకు చేతకాదు కాబట్టి ఆ పని నాదైంది.

సబ్బు తెప్పించాను. చేతులు కడుక్కోమని మరాఠీలో, హిందీలో రాసి కుళాయి దగ్గర అంటించాను. నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే యంత్రం కరోనా నాటిది బీరువాలో ఉంటే దుమ్ము దులిపి తీశాను. అయితే మే నెలలో చంద్రపూర్ ఎండలోంచి నడిచొచ్చిన ఏ నుదురైనా జ్వరంగానే చూపిస్తుంది. మొదటి రోజు గేటు దగ్గర పదకొండు మందిని చూశాను. పదకొండు మందికీ జ్వరమే.

"మేడమ్, జర మా లారీకి గూడ పెట్టి చూడు. దానికి టైఫాయిడ్ ఉన్నట్టుంది," అన్నాడు సిర్పూర్ నుంచి వచ్చే డ్రైవరొకడు.

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. చివరికి, వచ్చినవాళ్లను పది నిమిషాలు కూలర్ ముందు కూర్చోబెట్టి ఆ తర్వాత చూడాలని ప్లానులో రాశాను. కూర్చున్నవాళ్లు పది నిమిషాలకు లేచేవారు కాదు. వాళ్లను లేపడం కూడా నా పనే అయింది.

ఇక ఖర్రా. వక్కపలుకులు, పొగాకు, సున్నం ఒక పాలిథిన్ ముక్కలో వేసి అరచేతిలో రుద్ది రుద్ది చేస్తారు. అది లేకుండా మా దగ్గర బండి కదలదు. ఒకరు రుద్దితే పదిమంది అదే పాలిథిన్‌లోంచి చిటికెడు తీసుకుంటారు. ఇవ్వకపోతే అవమానం, తీసుకోకపోతే ఇంకా అవమానం. డిపోలో అందరికంటే బాగా రుద్దేది మేమంతా కాంటా కాకా అని పిలిచే పెద్దాయన.

కాకా రాజురా అవతలి పల్లె నుంచి మొదటి బస్సులో వచ్చేవాడు. ఇరవై ఏళ్లుగా కాంటా గదిలో కుర్చీ ఆయనదే, ఉద్యోగం మాత్రం కాంట్రాక్టరు దయ. తెల్లారగానే వచ్చి, మేం వచ్చేసరికి బట్టలకు బొగ్గు బురద అంటించుకుని కూర్చునేవాడు. డిపోలో నేను అందరికీ మేడమ్‌ని, ఆయనకు బిడ్డను.

"పదిమంది చేతులు ఒక్క దాంట్ల పెడితే ఫ్లూ అంటుకుంటది కాకా," అన్నాను ఒకరోజు ధైర్యం చేసి.

"సున్నంల ఏ పురుగు బతుకుతది బిడ్డా? గిది నోట్ల ఉంటే దోమ గూడ దగ్గరికి రాదు."

"ఇంట్ల కాకీ గూడ దగ్గరికి రాదట," అన్నాడు కిటికీ బయట ఆ సిర్పూర్ డ్రైవరే.

"నీ పెండ్లికి నేనే రుద్దిచ్చిన, మరిచినవా? పో, బండి తియ్యి," అన్నాడు కాకా, తూకం చీటీ చేతిలో పెడుతూ.

ఇవన్నీ పైపై కష్టాలు. అసలుది ఉత్తరంతో వచ్చిన ఫారంలో ఉంది. అందులో మూడు గడులు: పని, చేసే మనిషి, ఆ మనిషి మంచాన పడితే చేసే రెండో మనిషి. గేటుకు, బిల్లులకు, కంప్యూటర్‌కు రెండో పేర్లు దొరికాయి. కాంటా దగ్గర మూడో గడి ఖాళీగా ఉండిపోయింది.

"కాకా, కాంటాకు రెండో పేరు ఎవలది పెట్టాలె?" అని అడిగాను.

"ఎవలది పెట్టకు."

"పెట్టాల్నంట. నువ్వు బీమారు పడితే ఎట్ల?"

"నేను పడ." కొంచెంసేపు పాలిథిన్ రుద్దాడు. "జనరేటర్ చూసెటోడు యాదికున్నడా నీకు? గాయన్ని గూడ గిట్లనే, అటెండర్‌కు జర పని సూపియ్ అన్నరు. అమాయకుడు, అంతా సూపిచ్చిండు. నెల తిరగలే, ఇగ నువ్వెందుకు పో అన్నరు. ఇప్పుడు మీ బాబుపేట్‌లనే పంక్చర్లు ఏస్తుండు. నాకు గా పని నేర్చుకునే వయసు గూడ లేదు బిడ్డా."

నాకు ఆ మనిషి తెలుసు. మా సందు మొదట్లోనే ఆయన దుకాణం. నా స్కూటీకి రెండుసార్లు ట్యూబు అతికించాడు, ఇంకా డిపోలోనే ఉన్నావా అని అడిగాడు.

గడి ఖాళీగా ఉందని చెప్పడానికి మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నీ పేరే రాసుకో. నేర్చుకో," అన్నాడు.

అలా జూన్‌లో రోజూ గంటసేపు కాకా పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నా వైపు చూడకుండా, కిటికీతో చెబుతున్నట్టు చెప్పేవాడు. బండి నాలుగు మూలలా సరిగ్గా ఎక్కిందా చూడాలి. డ్రైవర్ దిగాడా చూడాలి. అంకె ఆడుతుంటే మీట నొక్కకూడదు. బండి దిగాక సున్నా వచ్చిందా చూడాలి. నేను ఒక నోట్‌బుక్‌లో అన్నీ తెలుగులో రాసుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ చర్చి పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది. మా ఇంట్లో ఇప్పుడు ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు, అందుకే డైరీకి తాళం అక్కర్లేదు. కాకా చదువు నాలుగో తరగతి దాకా, అదీ మరాఠీలో. ఒకరోజు నోట్‌బుక్‌లోకి తొంగి చూశాడు.

"గిది మన తెలుగేనా? చీమలు మల్కలు తిరిగినట్టున్నది."

"సున్నా రాకపోతే ఏం చెయ్యాలె కాకా?" అని అడిగాను.

"నన్ను పిలువాలె," అన్నాడు.

అంతకుమించి చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన ఏదో ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడని అప్పుడే తెలిసింది. ఉంచుకోనీ అనిపించింది.

జులైలో వానలు ముదిరాయి. ఒక సోమవారం కాకా మఫ్లర్ చుట్టుకుని, కళ్లు ఎర్రగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఖర్రా రుద్దడం లేదు. నేను యంత్రం తీసుకెళ్లి నుదుటికి పెట్టాను. ఈసారి కూలర్ ముందు కూర్చోబెట్టే పని లేదు.

"ఎండల నడిచొచ్చిన బిడ్డా," అన్నాడు.

"వాన పడుతుంది కాకా."

ఆయన కిటికీలోంచి వానను చూశాడు. కిటికీ అవతల తడుస్తూ డ్రైవర్లు చీటీల కోసం చేతులు చాపి ఉన్నారు. జ్వరం ఉన్నవాళ్లు ఇంటికి పోవాలని ప్లానులో రాసింది నేనే, నా చేతి రాతతో, కింద గీత గీసి మరీ.

"ఇంటికి పో కాకా."

"నేను పోతే నువ్వు కూసుంటవ్. నువ్వు కూసుంటే ఇగ వాళ్లకు నేనెందుకు?"

"నేను సాబ్‌కు చెప్త," అన్నాను. ఆ మాట నాకే నమ్మకంగా వినపడలేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పే మనిషిని కానని ఆయనకూ తెలుసు. ఎంతోసేపు కూర్చుని, చివరికి దగ్గు తెర ఆగక లేచాడు. కుర్చీ వెనక్కి జరిపి, నేను కూర్చునేదాకా నిలబడి చూసి, వెళ్లిపోయాడు.

మొదటి రెండు రోజులు కాంటా గదిలోనే గడిచాయి, నా బల్ల పని ముట్టుకోలేదు. మెడ పట్టేసింది. అన్నం తినే తీరిక లేదు. మూడో రోజు కుండపోత. పది గంటల ప్రాంతంలో నిండు లారీ ఒకటి దిగిపోయింది, కాంటా ఖాళీగా ఉంది, అంకె మాత్రం ఎనభై కిలోల దగ్గర ఆగింది. సున్నా మీట నొక్కాను. ఇంకో బండి ఎక్కి దిగింది, ఈసారి నూట ఇరవై. గేటు దాకా లారీలు నిలిచాయి. హారన్లు. మేనేజరు ఫోన్ ఎత్తి, నేర్చుకున్నావు కదా, చూడు, అని పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది. కాకాకు ఫోన్ చేశాను.

చెప్పాను. అటువైపు చాలాసేపు దగ్గు.

"నీళ్ల డ్రమ్ము ఎనుక ఒక ఇనుప సలాక ఉంటది," అన్నాడు చివరికి. "కొసకు వంపు ఉంటది, నేనే వంచిన. గేటు దిక్కు మూలకు పో. ఇనుప పలకకు, సిమెంటు కట్టకు నడుమ సందు ఉన్నది గద, పైన ఊడ్చినట్టే కనపడ్తది. వంపు లోపలికి పెట్టి కిందికెల్లి గుంజు. పలక కింద బురద బిగుసుకుంటది. అది పలకను లేవనియ్యది. మీట ఎన్నిమార్లు నొక్కినా అబద్ధమే చెప్తది."

గొడుగు భుజానికి ఆనించుకుని, మోకాళ్ల మీద కూర్చుని గుంజాను. నల్లటి ముద్దలు ముద్దలుగా వచ్చింది బురద. వేలు తెగింది. ఒక డ్రైవర్ కిటికీ దగ్గర నిలబడి అంకె చదివాడు: తొంభై, నలభై, పది, సున్నా. కాకా తెల్లారగానే మొదటి బస్సుకు ఎందుకు వచ్చేవాడో, మేం వచ్చేసరికి ఆ బట్టలకు బురద ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఇరవై ఏళ్లు ఎవరూ చూడకుండా చేసిన పని, నేను ఏడుస్తున్నానని ఫోన్లో చెప్పేశాడు. ఇక ఆయన దగ్గర దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. బాగా నడిపానని మెచ్చుకున్నాడు. "ఇక అతనెందుకు? ఫారంలో ముందు నీ పేరు రాయి. ఆ నోట్‌బుక్ మరాఠీలో దింపి ఇవ్వు," అన్నాడు.

నేను తలూపి బయటికి రావాల్సింది. అలవాటు అదే.

"రెండో పేరు కావాలి సర్," అన్నాను.

"ఏంటి?"

"నా పేరు ముందుకొస్తే రెండో పేరు గడి ఖాళీ అవుతుంది. ఖాళీ ఉంచకూడదని పెద్దాఫీసు వాళ్లే రాశారు. నాకు జ్వరం వస్తే కాంటా ఆగిపోతుంది. నా బల్ల పని మూడు రోజులుగా ఆగే ఉంది." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ముందు ఆయన, తర్వాత నేను. అలా అయితే రెండు గడులూ నిండుతాయి సర్."

ఆయన నా వైపు కొత్తగా చూశాడు. "సరే, ఉండనీ. దీపావళికి కొత్త కాంట్రాక్టు వస్తుంది, అప్పుడు చూద్దాం," అన్నాడు. మళ్లీ ఫోన్లోకి తల దించుకున్నాడు.

బయటికి వచ్చేసరికి నోరు ఎండిపోయింది. తిన్నగా డ్రమ్ము దగ్గరికి వెళ్లి, గొలుసుకున్న గ్లాసుతో రెండుసార్లు ముంచుకుని తాగాను. తాగాక గుర్తొచ్చింది.

కాకా తర్వాతి సోమవారం వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నేను కుర్చీలోంచి లేచేదాకా గడప దగ్గరే నిలబడ్డాడు.

"రా కాకా, కూసో. మంచిగైనావా?"

"మంచిగనే ఉన్న మేడమ్," అన్నాడు.

వెటకారం కాదు. మర్యాదగానే అన్నాడు. ఆ రోజంతా, మర్నాడు కూడా మేడమే. మేనేజరుతో ఏం మాట్లాడానో చెబుదామనుకున్నాను. దీపావళి దాకా అనే మాట కూడా చెప్పాల్సి వస్తుంది కాబట్టి నోరు రాలేదు. ఫారం తెచ్చి ఆయన ముందు పెట్టాను. మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని తన పేరు చదివాడు, పక్క గడిలో నా పేరు చదివాడు. జేబులోంచి పాలిథిన్ తీశాడు.

శనివారానికి మరాఠీ కాపీ ఇవ్వాలి. లారీలు తగ్గిన ఒక మధ్యాహ్నం నోట్‌బుక్ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. తప్పులుంటే చెప్పమని తెలుగులో చదివి వినిపించాను. రెండుచోట్ల ఆపి సరిచేశాడు. తన మాటలే ఇంకొకరి నోట వింటూ తల కొద్దిగా వంచి కూర్చున్నాడు. చివరి పేజీలో సలాక సంగతి వచ్చింది. ఆపేశాను.

"గిది గూడ మరాఠీల దింపాల్నా కాకా?"

రుద్దడం ఆగింది. బయట కాంటా పలక తడిసి ఉంది, కిటికీ దగ్గర అంకె సున్నా చూపిస్తోంది.

"ఫారంల మన ఇద్దరి పేర్లే ఉన్నయి గద?"

"అవు."

"ఇద్దరికి ఎరుకే గద?"

"అవు కాకా."

"అయితే గా సంగతి తెలుగులనే ఉండనీ."

అది తప్పో ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నోట్‌బుక్ మూయబోతుంటే చేయి అడ్డం పెట్టాడు.

"ఆ ఆఖరిది మల్లొకపారి చదువు బిడ్డా. నేను చెప్పినట్టే రాసినవో, లేదో."

నేను ఆ పేజీ మొదటి నుంచి చదివాను.